మిల్లు కూతకి ముందు

ఫొటోలో బంగారమ్మ నవ్వుతోంది. కుళాయి దగ్గర బిందె నడుముకి ఎత్తుకుని, రెండో చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయి, ఆ లోపే కెమెరాకి దొరికిపోయినట్టుంది. నవ్వంతా బయటే ఉండిపోయింది. విజయకుమారి ఆ ఫొటోని ఒళ్లో పెట్టుకుని అరుగు మీద అమ్మ పక్కన కూర్చుని, వీధి చివరి పొగగొట్టం వైపు చూడకూడదనుకుంటూనే చూస్తోంది. ఇందాక ఉందా లేదా అన్నట్టున్న పొగ ఇప్పుడు చిక్కబడింది. కాసేపట్లో కూత వేస్తారట. ఇన్నేళ్లూ తాళంపడి ఉన్న మిల్లుని వరదలు తీశాక ఎవరో కొత్త షావుకారు కొన్నాడట. ఈ మధ్యాహ్నం ముహూర్తమట. బాయిలర్ దగ్గర ఎవరమ్మా అని మాటవరసకి అడిగితే మరియమ్మ చింతపండులో గింజలు తీస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"ఏలీయా ఉన్నాడు. పొద్దున్నే వెళ్లేడు. నీకు చెప్పొద్దన్నాడు."

ఆ మాట విన్నాక లేచి పరుగెత్తాల్సింది. కాళ్లు లేవలేదు. నాన్న పోయినప్పటినుంచీ ఆ కాళ్లకి కుళాయి దాకానే అలవాటు. కుళాయి దాటితే మిల్లు గోడ కనిపిస్తుంది, గోడకి ఒకచోట రంగు మారిన ఇటుకలు కనిపిస్తాయి, తర్వాత కట్టిన ఇటుకలు. అమలాపురంలో ఏ పనికెళ్లినా చుట్టూ తిరిగి కాలవగట్టు మీదుగా వెళ్లేది. ట్రైనింగు అయి కొత్తపేట బళ్లో టీచరుగా చేరాక, హమ్మయ్య, ఇక ఈ వీధికి నెలకోసారి వస్తే చాలనుకుంది. తమ్ముడు ఏలీయాకి అదే బళ్లో అటెండరు పని అడిగిపెట్టింది. హెడ్మాస్టరు గారు సరేనన్నారు కూడా. ఆ సంగతి చెప్పడానికీ, ఈ ఫొటోలు అమ్మకి చూపించడానికీ కలిపి బస్సెక్కింది. దారి పొడుగునా కవరు విప్పుతూ మూస్తూ వచ్చింది. పక్క సీటామె ఎవరండీ వీళ్లంతా అని అడిగితే మావాళ్లేనండి అంది. అన్నాక లెక్కేసుకుంటే అందులో సగంమంది లేరు.

ఫొటోలిచ్చింది కొత్తపేటలో స్టూడియో నడిపే సుందరరావు గారు. ఆయన మనవరాలు ఆమె క్లాసే. చూపు మందగించి కొట్టు మూసేస్తున్నారు. మీదే ఊరమ్మా అంటే అమలాపురం, మిల్లు వీధండి అంది. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని లోపలికెళ్లేరు. చాలాసేపటికి దుమ్ముపట్టిన కవరుతో వచ్చేరు. "అప్పట్లో దసరాకి షావుకారు గారు మిల్లు ఫొటోలు తీయించేరమ్మా. రీలు కాస్త మిగిలిపోతే తిరిగొస్తూ మీ వీధి తీసేను. ఎవరూ అడగలేదు, నేనూ ఇవ్వలేదు. ఆ తర్వాతి వేసవిలోనే కదూ, అది జరిగింది?" ఆమె ఆయ్ అంది. అది జరిగింది. ఈ వీధిలో దాని పేరు ఎవరూ ఎత్తరు. అది అంటే చాలు.

రెండో ఫొటోలో మిల్లు కళ్లం. సిమెంటు చేసిన నేల మీద ఉడికించిన ధాన్యం ఎండబోసి ఆడవాళ్లు వరసగా కాళ్లతో తిరగేస్తున్నారు. అందరివీ వీపులే. ఆ వీపుల్లో అమ్మది ఏదో విజయకుమారికి వెంటనే తెలిసింది, ఎడమ భుజం కాస్త కిందికి ఉంటుంది, ఏలీయా ఎప్పుడూ ఆ భుజం మీదే ఉండేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ గుమ్మంలో కూర్చుని పాదాలు చెంబునీళ్లతో తడుపుకునేది. వేడి ధాన్యం మీద నడిచి నడిచి అరికాళ్లు తోలులా ఉండేవి, చిన్నప్పుడు విజయకుమారి వాటి మీద గోరుతో గీసి, అమ్మా తెలుస్తోందా అని అడిగేది. తెలీదే అనేది అమ్మ, నవ్వేది. ధాన్యం నానబోసే తొట్ల పులిసిన వాసన వీధంతా ఉండేది, ఇళ్లలో ఉండేది, చర్చికి కట్టుకెళ్లే తెల్లచీరల్లో ఉండేది. దాన్ని వాసన అంటారని ఆమెకి ట్రైనింగు కాలేజీ హాస్టల్లో గానీ తెలీలేదు. ఇప్పుడు గాలి ఇటు తిరిగింది. పులిసిన వాసన. తొట్లు నింపేరన్నమాట. ఎప్పుడు నింపేరు, రెండురోజులై ఉంటుంది, రెండు రోజులుగా అమ్మకి తెలుసన్నమాట.

నుసి పడుతోంది. ముందు అమ్మ చీర మీద ఒకటి, తర్వాత తన ఒళ్లో బంగారమ్మ నవ్వు మీద ఒకటి, ఊక కాలిన నల్లటి పొర, వేలితో తాకితే పొడైపోతుంది. చిన్నప్పుడు అన్ని ఊళ్లలోనూ ఆకాశంనుంచి నల్లగా ఇలాగే రాలుతుందనుకునేది. అన్నంలో పడితే తీసి పారేసేవాళ్లు, ఉతికిన బట్టల మీద పడితే పక్కింటి బంగారమ్మ మిల్లుని తిట్టేది, మిల్లు వినిపించుకుంటుందన్నట్టు మొహం అటు తిప్పి మరీ తిట్టేది, బాయిలర్‌కి ఊక ఎగదోసే మొగుడు ముత్యాలరాజు గుమ్మంలో నిలబడి నవ్వేవాడు. మూడో ఫొటో ఊకగుట్టది. గుట్ట మీద పిల్లలు, జారుతున్న ఒకడు, జారబోతున్న ఇంకొకడు, కొసన రిబ్బను జడతో తను, నోరు తెరిచి ఎవర్నో పిలుస్తోంది. ఎవర్ని పిలిచింది? ఫొటో చూస్తుంటే గొంతులో ఆ పిలుపు ఇంకా మిగిలి ఉన్నట్టుంది గానీ పేరు రావడం లేదు. ఆ గుట్ట మీదనుంచి చూస్తే బాయిలర్ గది తలుపు కనిపించేది, తలుపులో ఎర్రటి నోరు, నోటి ముందు నాన్న.

నాలుగో ఫొటో ఆమె అమ్మకి ఇంకా ఇవ్వలేదు. ఇంట్లో నాన్న దేవదానం ఫొటో లేదు. పెళ్లికి తీయించుకోలేదు, తర్వాత తీయించుకుందామనుకున్నారు. ఆయన మొహం ఎలా ఉండేదో ఏలీయాకి చెప్పడానికి విజయకుమారి చాలాసార్లు ప్రయత్నించింది. ముక్కు నీదే, చెవులు మాత్రం వేరు అనేది. చివరికి తనకే అనుమానం వచ్చేది, తను చెప్తున్నది నాన్న మొహమా, తను అల్లుకున్నదా అని. ఇప్పుడు టీకొట్టు బల్ల మీద ముగ్గురు మగాళ్లు, మధ్యలో నాన్న. ఒకవైపు ముత్యాలరాజు. ఇంకోవైపు గేటు దగ్గరుండే గంగయ్య. నాన్న నవ్వడం లేదు. గ్లాసు పట్టుకుని, ఫొటో తీసేవాడి వెనక ఎక్కడో చూస్తున్నాడు.

మరియమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని తీసుకుంది. దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది.

"ఈ చొక్కా మీ నాన్నది కాదు," అంది. "ముత్యాలరాజుది. ఫొటో అనేసరికి ఇచ్చుంటాడు. చూడు, వాడు తువ్వాలు కప్పుకున్నాడు."

నిజమే. ముత్యాలరాజు ఒంటి మీద తువ్వాలే ఉంది. ఆ చొక్కా తర్వాత తిరిగిచ్చేశాడా, ఎప్పుడిచ్చేడు, అది జరిగినరోజు ఎవరు తొడుక్కుని ఉన్నారు? విజయకుమారి బుర్ర అక్కడ ఆగిపోయింది. ఆ రోజు అమ్మ, బంగారమ్మ కలిసి వెళ్లి ఎవరు ఎవరో గుర్తుపట్టాల్సి వచ్చింది. దేన్నిబట్టి గుర్తుపట్టేరో ఇద్దరూ ఎప్పుడూ చెప్పలేదు. బంగారమ్మ ఆ నెల్లోనే ఐ.పోలవరంలో అన్నగారింటికి వెళ్లిపోయింది. వెళ్లేరోజు కుళాయి దగ్గర ఆగి, బిందె పెట్టి, నిండకుండానే తీసేసుకుని వెళ్లిపోయింది.

నాన్నకి అన్నం క్యారేజీ తీసుకెళ్లే పని తనదే. బాయిలర్ గది గుమ్మంలో అడుగు పెడితే ముందు కనురెప్పలకి తగిలేది సెగ. రెండు బాయిలర్లుండేవి, పక్కపక్కనే, పెద్ద ఇనప కడుపులు. అందులో ఒకదాని అతుకు దగ్గర నాన్న గోనెగుడ్డ చుట్టి తాడుతో బిగించేవాడు. గుడ్డ తడిసి, బొట్టు బొట్టుగా కింద కాలిన ఇటుక మీద పడి చుయ్యిమనేది. అదేంటి నాన్నా అంటే మామూలేనమ్మా అనేవాడు. మామూలే అంటూ మేనేజరుకి మాత్రం రోజూ చెప్పేవాడు. ఒకసారి తను అక్కడుండగానే చెప్పేడు. సీజను పోనీ దేవదానం, అప్పుడు చూద్దాం అన్నాడు మేనేజరు, గుడ్డ వైపు చూడకుండా, తన జడ వైపు చూసి, నీ కూతురా, బాగా చదువుతుందా అని అడిగేడు. నాన్న ఆ ప్రశ్నకి పొంగిపోయేడు. గుడ్డ సంగతి అక్కడితో ఆగిపోయింది.

అది జరిగినరోజు బళ్లో మధ్యాహ్నం ఉప్మా పెడుతున్నారు. ఆవరణలో వరసగా కూర్చున్నారు పిల్లలు. మిల్లు కూసింది, కూస్తూ కూస్తూ సగంలో తెగిపోయింది. ఎందుకు ఆపేరని తల ఎత్తింది. అప్పుడు నేల ఒక్కసారి పైకి లేచినట్టయింది. చప్పుడు ఆమెకి గుర్తులేదు. అందరూ చప్పుడు గురించే చెప్తారు, ముక్కామల దాకా వినపడిందంటారు, ఆమెకి మాత్రం ఆ చోట ఏమీ లేదు, దూదిలా ఉంది. ఆ తర్వాత వాన. ఎండలో వాన. జల్లుగా, గలగలమంటూ పెంకుల మీద, పిల్లల తలల మీద, ఉప్మాలో. ఒక గింజ చేతిమీద పడి చురుక్కుమంది. ఉడికిన ధాన్యం. అన్నం వాసన. ఆకలిగా ఉన్న పిల్లలు, కొందరు నవ్వేరు కూడా. తనూ నవ్వింది. నవ్వుతూనే మిల్లు వైపు చూసింది, అక్కడ గొట్టం ఉంది, గొట్టం కింద ఉండాల్సిన కప్పు లేదు.

కాకులొచ్చేయి. ఎక్కడెక్కడి కాకులో. వీధిలో రెండు శవాలు లేవబోతుంటే పైన కాకులు గింజలు ఏరుకుంటున్నాయి. చాలా రోజులు పోలేదు. చూరులో ఇరుక్కున్న గింజలు మొలకలెత్తవు, ఉడికినవి కదా, అలా ఉండిపోయేయి. మూడేళ్ల ఏలీయా వాటిని ఏరి నోట్లో పెట్టుకుంటే అమ్మ వాణ్ని కొట్టింది. అంతకుముందు కొట్టలేదు, ఆ తర్వాతా కొట్టలేదు.

ఇక ఆ మాట. దేవదానం కునుకు తీసేడట, బాయిలర్ చూసుకోలేదట. ఎవరన్నారో తెలీదు. ముందు ఆఫీసు గదిలోంచి వచ్చింది, టీకొట్టు దగ్గర కాసేపు కూర్చుంది, చర్చి మెట్ల దాకా నడిచొచ్చింది. పాస్టరు గారు ప్రార్థనలో, అజాగ్రత్తగా ఉన్నవారిని క్షమించమని దేవుణ్ని అడిగేరు. అమ్మ తలవంచుకునే ఉంది. ఆ తర్వాత కొబ్బరిపీచు దుకాణాల్లో పనికి కుదిరింది, అక్కడా ఆ మాట ముందే వెళ్లి కూర్చుని ఉంది. బళ్లో ఏలీయాని కునుకోడి కొడుకనేవారు. వాడికి మొదట అర్థమయ్యేది కాదు. అర్థమయ్యాక నిద్రపోవడం తగ్గించేడు. చిన్న పిల్లాడు, చాప మీద కళ్లు తెరుచుకుని పడుకునేవాడు.

చాప మీద తెరిచిన ఆ కళ్లు. విజయకుమారి లేచింది. ఫొటోలు ఒళ్లోంచి అరుగు మీదికి జారేయి.

"నేను చెప్తే వినలేదు," అంది మరియమ్మ. చేతిలో నాలుగో ఫొటో అలాగే ఉంది. "నువ్వు అడుగు. వినకపోతే నేను కూడా వస్తాననీ, వచ్చి అక్కడే కూర్చుంటాననీ చెప్పు."

కుళాయి దాటింది. దాటానని దాటాక గానీ తెలీలేదు. రంగు మారిన ఇటుకలు అనుకున్నంత లేవు, నాలుగు బారలేనేమో, వాటికోసమా ఇన్నేళ్లు చుట్టూ తిరిగింది? గేటు దగ్గర స్టూలు మీద గంగయ్య. ఇంకా ఆయనే. అప్పటినుంచీ ఒక చెవి వినపడదు. ఆమె చెప్తున్నదంతా రెండో చెవి తిప్పి విని, "ఆవిరి ఎక్కుతోందమ్మా, ఆడోళ్లని రానివ్వద్దన్నారు," అన్నాడు. అంటూనే చిన్న తలుపు గడియ తీసేడు.

కనురెప్పలకి సెగ తగిలింది. అదే సెగ, అదే చోట. మిగిలిన రెండో బాయిలర్‌కి ఎర్రరంగు వేసేరు, కుంకుమ బొట్లు పెట్టేరు, బంతిపూల దండ వేసేరు. దాని నోటి ముందు నాన్న వంగి ఊక ఎగదోస్తున్నాడు. వీపు, మెడ, నడుముకి బిగించిన తువ్వాలు. ఆమె గోడ పట్టుకుంది. వాడు తిరిగి చూసేడు.

"నువ్వెందుకొచ్చేవక్కా?"

ఆమె వాడివైపు చూడలేదు. ఎర్రరంగు మీద అతుకు వెంబడి తడిగా ఒక గీత ఉంది. రంగు అక్కడ పొక్కులు లేచింది. కొసన బొట్టు ఊరుతోంది, బరువెక్కుతోంది, పడింది. చుయ్యిమంది.

"అది మామూలేనంట," అన్నాడు ఏలీయా. "నిన్నే వెల్డింగు పెట్టించేరు. మేనేజరు గారు చూసేరు."

"ఎందుకు చేరేవురా ఇక్కడ? నీకు అక్కడ పని అడిగేనని రాశాను కదా."

వాడు పార కింద పెట్టేడు. మొహమంతా చెమట, కనుబొమల మీద నుసి. చాలా రోజులుగా దాచుకున్నది చెప్పేవాడిలా కాస్త దగ్గరికొచ్చేడు.

"నువ్వు ఇక్కడ నిలబడు. ఇక్కడే, నా చోట్లో. చూడు. ఈ సెగలో ఎవడికైనా కునుకొస్తుందా? పొద్దుటినుంచీ చూస్తున్నాను. కావాలని కళ్లు మూసుకున్నాను కూడా. మూసుకుంటే రెప్పలు కాలిపోతున్నాయక్కా. నిద్ర ఎలా పడుతుందే?"

ఆమె వాడి చోట్లో నిలబడింది. నిప్పు నోరు ఎదురుగా. ఒళ్లంతా బిగుసుకుపోయింది, చర్మం వెనక్కి పారిపోతానన్నట్టుంది. నాన్న ఇక్కడ నిలబడ్డాడు, ఏళ్ల తరబడి, తను పుట్టకముందునుంచీ. కునుకు తీసేడని అమ్మ కూడా ఏదో ఒక రాత్రి నమ్మి ఉంటుందా? తను? తను నమ్మింది. ఎప్పుడో ఒకప్పుడు, హాస్టల్లో, అలసిపోయి ఉంటాడు పాపం అనుకుంది. పాపం అనుకోవడమంటే నమ్మడమే.

"తెలిసింది కదా," అంది. "ఇద్దరికీ తెలిసింది. ఇక రా. అమ్మకి చెప్దాం."

వాడు అతుకు వైపు చూసేడు. ముల్లు తిరుగుతున్న మీటరు వైపు చూసేడు. తర్వాత ఊక వెయ్యడం ఆపి, ఆవిరి వదిలే మీట తిప్పేడు. గది తెల్లగా నిండిపోయింది. మేనేజరు, పాతాయన కాదు, కుర్రవాడు, చేతిలో కొబ్బరికాయతో పరుగెత్తుకొచ్చేడు.

"ఏంటయ్యా ఇది? షావుకారు గారు ముహూర్తానికి కూర్చున్నారక్కడ."

"అతుకు కారుతోందండి. నేను చెయ్యనండి."

"పంతులమ్మగారూ, మీరైనా చెప్పండి వీడికి."

"నేను చెప్పబట్టే వస్తున్నాడండి," అంది విజయకుమారి.

"వెళ్లండి అయితే. మనుషులకేం కరువా?"

కరువు లేదు. ఇద్దరూ వచ్చేసరికి గేటు బయట ఒకతను అప్పటికే నిలబడి ఉన్నాడు, చంకలో నాలుగైదేళ్ల ఆడపిల్లతో. మేనేజరు తలుపులోంచే అడిగేడు, నీ పేరేంటి, బాయిలర్ పని వచ్చా అని. అప్పలరాజండి, అల్లవరంనుంచి వచ్చేనండి, పడవ పని చేసేవాణ్నండి, ఇది నేర్చుకుంటానండి అన్నాడతను. రా అయితే, తొందరగా అని మేనేజరు లోపలికి పోయేడు.

విజయకుమారి తమ్ముడి చెయ్యి వదిలేసింది. "ఏవండీ, ఒక్క నిమిషం ఆగండి," అంది. చెప్పింది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పనిది, పేరు ఎత్తనిది, వీధిలో నిలబడి, ముక్కూ మొహం తెలియని మనిషికి. నాన్న, గోనెగుడ్డ, సగంలో తెగిన కూత, ఎండలో వాన. రంగు మారిన ఇటుకలు చూపించింది. అప్పలరాజు పిల్లని చంక మార్చుకుని శ్రద్ధగా విన్నాడు.

"మీ నాన్నగారాండి?"

"ఆయ్. ఇంకొకాయన కూడా. ఇప్పుడు ఇది కూడా కారుతోందండి. మా తమ్ముడు కళ్లారా చూసేడు, అందుకే మానేసేడు."

అతను ఏలీయా వైపు చూసేడు. కోపంగా కాదు. కొలిచినట్టు.

"ఈయనకి వేరే పనుందాండి?"

ఏలీయా తలదించుకున్నాడు. అప్పలరాజుకి జవాబు అందినట్టే ఉంది.

"నాకు లేదండి," అన్నాడు. "పిల్ల తల్లి పోయిందండి. దీన్ని కాస్త చూస్తుండండి. కొత్త ఉండదు, ఎవరెత్తుకున్నా వస్తుంది."

పిల్ల నిజంగానే వచ్చేసింది. చేతులు చాచి, అటునుంచి ఇటు, తేలిగ్గా. గంగయ్య నేల చూస్తూ తలుపు తీసేడు, అతను వంగి లోపలికెళ్లేడు, గడియ పడింది.

"పోలీసు స్టేషనుకి పరుగెత్తు," అంది తమ్ముడితో. "వాళ్లు వినకపోతే బజార్లో అందరికీ చెప్పు. ఎవడో ఒకడు వస్తాడు." ఏలీయా పరుగెత్తేడు. ఆమె పిల్లని భుజానికి గట్టిగా హత్తుకుని వెనుదిరిగింది. కుళాయి దగ్గర బిందెలతో ఉన్నవాళ్లతో పిల్లల్ని తీసుకుని రండి, కాలవగట్టు మీదికి రండి అంది. వాళ్లు అర్థంకాక ఆమె మొహం చూసి, అర్థమై, బిందెలు వదిలేసేరు. మరియమ్మ అరుగు దిగి కొడుకు ఏడని అడిగింది. బయటికొచ్చేశాడమ్మా, నడు, ఆగకు అంది. ఎంత దూరమైతే చాలు? ముక్కామల దాకా వినపడిందన్నారు, అంత దూరమా? పిల్ల ఒంటిమీద సముద్రపు ఉప్పు వాసన. ఎవరెత్తుకున్నా వస్తుందన్నాడు. ఆమె నడక పరుగైంది. పిల్ల మాత్రం ఆమె భుజం మీదుగా మిల్లు వైపే చూస్తూ, మూసిన తలుపుకి చెయ్యి ఊపుతూనే ఉంది.